అది బొమ్మల కొట్టు కాదండీ

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో, అడుగున, అరచెయ్యంత వార్త ఒకటి వేశారు. బ్రిటన్‌లో 78 ఏళ్ల నాటి బొమ్మ రైళ్ల దుకాణం మూతపడుతోందని. పక్కన ఫోటో: ఎర్ర ఇంజను, పసుపు చక్రాలు, మూడేళ్ల పిల్లవాడు నోట్లో పెట్టుకునే రకం. ఆ ఫోటో మీకు ఎక్కడ దొరికిందో గానీ ఆ దుకాణానిది మాత్రం కాదు. నేను ఆ దుకాణంలో రెండు గంటలు నిలబడి వచ్చినవాణ్ణి. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో బయట కారులో కూర్చుని, ఆ రెండు గంటలకూ ఇప్పటికీ లెక్క అడుగుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. 1973లో బిట్రగుంట లోకో షెడ్‌లో క్లీనర్‌గా చేరాను. క్లీనరంటే చీపురు పట్టుకునేవాడు అనుకునేరు. ఇంజను ఒంటి మీద పేరుకున్న మసీ జిడ్డూ పీచు ముద్దలతో తుడిచే పని. రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తే మా అమ్మ వాకిట్లోనే ఆపి, నెత్తిన రెండు బిందెలు పోశాకే లోపలికి రానిచ్చేది. తర్వాత ఫైర్‌మన్‌నయ్యాను, బొగ్గు పార పట్టాను. ఆవిరి ఇంజన్లు పోయి కరెంటు ఇంజన్లు వచ్చాక గూడ్సు డ్రైవరునయ్యాను. చివరికి మెయిల్ డ్రైవరుగా 2012లో విజయవాడలో రిటైరయ్యాను. ఇప్పుడు కావలిలో ఉంటున్నాను.

మావాడు లివర్‌పూల్ వైపు ఒక ఆసుపత్రిలో డాక్టరు. 2018 మే నెలలో మమ్మల్ని పిలిపించుకున్నాడు. వారం రోజులు చర్చిలూ పార్కులూ చూపించాడు. నాకు పొద్దుపోక వాళ్ల పెరటి చివరి కంచె దగ్గర నిలబడి, దూరంగా వెళ్లే రైళ్లు ఎన్ని పెట్టెలతో వెళ్తున్నాయో లెక్కపెడుతుంటే చూసి, "పద నాన్నా, నీకు తగిన చోటుకి తీసుకెళ్తా" అన్నాడు. ఏ మ్యూజియమో అనుకున్నాను. తీసుకెళ్లింది విడ్నెస్ అనే ఊరికి. ఒకప్పుడు రసాయనాల ఫ్యాక్టరీలతో కంపుకొట్టిన ఊరట. మెర్సీ నది మీద 1868 నాటి రైలు వంతెన, దాని పక్కనే ఇంద్రధనుస్సులా వంగిన రోడ్డు వంతెన కనిపిస్తాయి. కారు దిగి చూస్తే ఆ కొట్టు బయటికి గోడౌన్‌లా ఉంది. పేరు హాటన్స్.

నార్మన్ హాటన్ అనే ఆయన 1946లో లివర్‌పూల్‌లో మొదలుపెట్టిన కొట్టు అది. స్మిత్‌డౌన్ రోడ్డులో దశాబ్దాల పాటు నడిచింది. అక్కడ చోటు చాలక 2016లో విడ్నెస్‌కి మారింది. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, రేషన్ కార్డులు ఇంకా నడుస్తున్న దేశంలో, చిన్న రైళ్లు అమ్ముకుని బతకొచ్చని ఒక మనిషికి ఎలా తోచిందా అని నాకు ఆశ్చర్యం. అయితే ఆ ఊరు మామూలు ఊరు కాదు లెండి. నట్లూ బోల్టులతో బిగించి ఆడుకునే మెకానో సెట్టు కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీది లివర్‌పూలే. 1920 నుంచి ఆయన కంపెనీ అక్కడే చిన్న రైళ్లు తయారుచేసి అమ్మింది. బిన్స్ రోడ్డులోని ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. తయారుచేసిన ఫ్యాక్టరీ పోయాక కూడా అదే ఊళ్లో మొదలైన కొట్టు ఇంకో నలభై నాలుగేళ్లు బతికిందన్నమాట.

లోపల నేను చూసిందేమిటో చెబుతాను. కొత్త సరుకు సంగతి పక్కన పెట్టండి. కొత్తది ఎక్కడైనా దొరుకుతుంది. నన్ను కట్టిపడేసింది పాత సరుకు. ఎవరో ముసలాయన కన్నుమూస్తాడు. అటక మీద ఆయన నలభై ఏళ్లుగా కూడబెట్టిన ఇంజన్లు, పెట్టెలు, సిగ్నళ్లు ఉంటాయి. పిల్లలకు వాటితో ఏం చెయ్యాలో తెలియదు. ఆ కొట్టువాళ్లు వాటిని మొత్తంగా కొని, ఒక్కొక్క దాన్నీ నడిపి చూసి, లోపాలు కాగితం మీద రాసి అమ్ముతారు. మావాడు చదివి చెబుతుంటే విన్నాను. ఒకదాని మీద ముందు కప్లింగు లేదని, ఒకదాని మీద పక్క కమ్మీ కొద్దిగా వంగిందని, ఇంకోదాని మీద నడుస్తుంది గానీ శబ్దం ఎక్కువని, అట్టపెట్టె మూల చిరిగిందని.

సార్, నాకు ఒళ్లు జలదరించింది. డ్యూటీ దిగేటప్పుడు షెడ్‌లో రిపేరు పుస్తకం తెరిచి మేం రాసేది అచ్చం ఇదే. ఎడమ ఇంజెక్టరు పట్టడం లేదు. రెండో చక్రం బేరింగు వేడెక్కుతోంది. కుడి సిలిండరు దగ్గర ఆవిరి కారుతోంది. మనం దిగిపోయాక ఆ ఇంజను ఎక్కే ఇంకో మనిషి కోసం రాసే రాత అది. దాంట్లో అబద్ధం రాస్తే ఆ రాత్రి ఎవడి ప్రాణం మీదికో వస్తుంది. ఇక్కడ ప్రాణం పోయేదేం లేదు, అయినా అంత నిజాయితీగా రాశారు. దీన్ని మీరు బొమ్మల దుకాణం అన్నారు.

బేరం బల్ల దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు, నా ఈడువాడే. నాలుగు చిన్న బఫర్ల కోసం వచ్చాడు, అంటే ఇంజను చివర కుదుపు ఆపే మొద్దులు. కందిబద్దంత ఉంటాయి ఒక్కోటి. మావాడు మాటల్లో మా నాన్న రైలు డ్రైవరు, ఇండియా అని చెప్పేసరికి ఆయన బఫర్లు అక్కడ పెట్టేసి నా వైపు తిరిగాడు. మొదటి ప్రశ్న పట్టాల మధ్య దూరం గురించి: "మీది అయిదడుగుల ఆరంగుళాల గేజి కదా?" రెండోది మన పాత ఎక్స్‌ప్రెస్ ఆవిరి ఇంజను గురించి: "ముక్కు మీద నక్షత్రం ఉండే డబ్ల్యూపీ మీద పనిచేశారా?" బిట్రగుంట వాడితో విడ్నెస్‌లో డబ్ల్యూపీ గురించి మాట్లాడినవాడు రైల్వేలో ఒక్కరోజు పనిచెయ్యలేదు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో చేశాడట.

ఆయన చెప్పిన ఇంకో మాట నన్ను కాస్త తలవంచుకునేలా చేసింది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరిబందర్ నుంచి ఠాణాకి మన మొదటి రైలు నడిచిందని బడిలో చదువుకున్నాం, రైల్వే పరీక్షల్లో రాశాం. దానికి కట్టిన ఇంజన్లు ఎక్కడ తయారయ్యాయో నాకు తెలియదు. ముప్ఫై తొమ్మిదేళ్లు జీతం తీసుకున్నాను, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అవి మేం నిలబడ్డ చోటికి కారులో అరగంట దూరంలోని న్యూటన్-లె-విల్లోస్‌లో, వల్కన్ ఫౌండ్రీలో తయారయ్యాయట. మర్నాడు మావాణ్ణి పోరి అక్కడికి తీసుకెళ్లమన్నాను. ఫౌండ్రీ లేదు, ఇళ్లు కట్టేశారు. ఒక ఇంటి ముందు ఒకావిడ చెట్లకు నీళ్లు పోస్తోంది. నేను ఆ వీధిలో చేతులు వెనక్కి కట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చాను. అక్కణ్ణించి రెయిన్‌హిల్ కూడా వెళ్లాం. 1829లో పందెం పెట్టి స్టీఫెన్‌సన్ రాకెట్ ఇంజను గెలిచిన చోటు. ఇప్పటికీ అదే లైను మీద ప్రయాణికుల రైళ్లు తిరుగుతున్నాయి. దాని గురించి రాస్తూ పోతే మీ పేజీ చాలదు.

కొట్టు దగ్గరికి వస్తాను. ఇది బొమ్మ ఎందుకు కాదో కొలతల్లో చెప్పాలి. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడేదాన్ని డబుల్ ఓ అంటారు. అసలు ఇంజనులో ఒక అడుగు, చిన్నదాంట్లో 4 మిల్లీమీటర్లు. అంటే 76 వంతుల్లో ఒక వంతు. కానీ దాని కింద వేసే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. వాళ్ల గేజి నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు కదా, నాలుగుతో హెచ్చవేస్తే 18.83 రావాలి. రాలేదు. ఎందుకంటే యూరప్ వాళ్లు అడుక్కి 3.5 మిల్లీమీటర్ల లెక్కలో రైళ్లూ పట్టాలూ చేసుకున్నారు. బ్రిటిషు ఇంజన్లేమో అసలే సన్నం, ఆ లెక్కలో చేస్తే లోపల మోటారు పట్టలేదు. అందుకని ఇంజన్ని మాత్రం కాస్త పెద్దది చేసి, పట్టాలు పాతవే ఉంచేశారు. చొక్కా ఒక దర్జీది, ప్యాంటు ఇంకో దర్జీది. ఈ రెండు మిల్లీమీటర్ల చిల్లర తేడా మీద ఆ దేశంలో పెద్దమనుషులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారట. కొందరైతే ఒళ్లు మండి, సరైన కొలతకు చక్రాలూ పట్టాలూ సొంతంగా చేసుకుంటారు. పసిపిల్లల బొమ్మ గురించి ఎవరైనా ఇలా కొట్టుకుంటారా?

మన బ్రాడ్ గేజి ఆ లెక్కలో సరిగ్గా 22 మిల్లీమీటర్లు వస్తుంది. డబ్ల్యూపీ ఉందా అని అడిగాను. లేదు. మన ఇంజను ఒక్కటీ ఆ రోజు ఆ బీరువాల్లో నాకు కనిపించలేదు. వాళ్లను ఎందుకు అనాలి? వాళ్ల రైళ్లు వాళ్లు అమ్ముకున్నారు.

ఒట్టి చేతులతో రావడం ఇష్టంలేక పాతదే ఒకటి కొన్నాను. గ్రేట్ వెస్టర్న్ రైల్వే వాళ్ల పానియర్ ట్యాంక్. చాకలి గాడిద మీద రెండు పక్కలా మూటలు వేలాడేసినట్టు బాయిలరుకు అటూ ఇటూ నీళ్ల ట్యాంకులు ఉంటాయి. అసలువి ఒక్క ఆ రకమే 863 చేశారట. 45 పౌండ్లు పెట్టాను. మన డబ్బుల్లో లెక్క చెప్పేసరికి కారులో మా ఆవిడ మొహం తిప్పుకుంది. ఆ రాత్రి మావాడి భోజనాల బల్ల మీద గుండ్రంగా పట్టాలు వేసి, 12 వోల్టుల కరెంటు పెట్టి నడిపాం. మొదటి రెండు చుట్లూ తిన్నగా తిరిగింది. మూడో చుట్టులో ఒక చోట చిన్నగా తటపటాయించింది. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఆరు చక్రాలకూ కలిపి ఉండే కడ్డీ ఒక పక్క వెంట్రుకవాసి బిగుసుకుంది. చిటికెన వేలి గోటితో సర్ది, కుట్టుమిషను నూనె సూదిమొన మీద ఒక్క చుక్క తీసి పెట్టాను. పోయింది ఆ తటపటాయింపు. డబ్ల్యూజీ అనే గూడ్సు ఆవిరి ఇంజను మీద సుత్తీ టార్చిలైటూ పట్టుకుని ఇంజను కిందికి దూరి చేసిన పనే, గోటితో చేశాను. నా కొడుకు నేను చేసిన పని చూడటం అదే మొదటిసారి. వాడు పుట్టేసరికి నేను కరెంటు ఇంజను క్యాబులో కూర్చుని హ్యాండిల్ తిప్పేవాణ్ణి.

ఇక మూత సంగతి. 2024 జనవరి మొదటి వారంలో వాళ్లు ఆ సంగతి ప్రకటించగానే మావాడు ఫోన్ చేశాడు. ఆ పెద్దాయన లాంటి వాళ్లు చాలామంది బాధపడుతున్నారట. మీ వార్త చదివితే దివాలా తీసినట్టు అనిపిస్తుంది. అలా కాదు, ఉన్న సరుకు అమ్మేసి, ఇవ్వాల్సినవి ఇచ్చి, తమంతట తామే సర్దుకున్నారు. ఇంటర్నెట్టు మింగేసిందనే మాట కూడా ఇక్కడ పూర్తిగా అతకదు. పోస్టులో పంపడం, ఇంటర్నెట్టులో అమ్మడం వాళ్లు బాగా చేసినవాళ్లే. తామే సొంతంగా మోడళ్లు చేయించి అమ్మారు కూడా, పాతకాలపు నాలుగు చక్రాల, ఆరు చక్రాల పెట్టెలతో సహా. కాకపోతే ఇప్పుడు చిన్న చిన్న తయారీ కంపెనీలు చాలా వచ్చాయి. ముందే డబ్బు కట్టించుకుని, చైనాలో చేయించి, నేరుగా కొనేవాడి ఇంటికే పంపుతున్నాయి. మధ్యలో కొట్టు దేనికి? మన కావలి బజారులో రేడియో కొట్లు ఎలా పోయాయో చూసినవాణ్ణి, నాకు ఇది కొత్తగా ఏమీ లేదు. చిన్న రైళ్లు ఇంకా దొరుకుతాయి, ఇంకా మంచివి కూడా వస్తాయి. ఇప్పుడైతే మ్యూజియంలో ఉన్న అసలు ఇంజన్ని లేజర్‌తో స్కాన్ చేసి మరీ చేస్తున్నారు. పోయేదల్లా ఆ బేరం బల్ల. నాలుగు బఫర్ల కోసం వచ్చినవాడు బిట్రగుంట ఫైర్‌మన్‌తో మాట కలిపే చోటు.

నా అసలు కడుపుమంట ఇక్కడ మొదలవుతుంది. కొట్టు మూసినా వాళ్లకు కొలతలు పోవు. యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఇంజన్ల డ్రాయింగులు వేలకు వేలు దాచిపెట్టుకున్నారు. ఇంకో వందేళ్ల తర్వాత ఎవడికైనా పానియర్ ట్యాంక్ చెయ్యాలనిపిస్తే చేసుకుంటాడు. మనకి?

తిరిగొచ్చాక నేను మా బిట్రగుంట షెడ్ చెయ్యడం మొదలుపెట్టాను. అదే లెక్క, అడుక్కి 4 మిల్లీమీటర్లు. గుండ్రంగా ఉండే షెడ్, మధ్యలో ఇంజన్ని తిప్పే టర్న్‌టేబుల్, బొగ్గు పోసే చోటు, నీళ్ల కాలమ్, డ్యూటీవాళ్లను ఇళ్లకెళ్లి పిలిచే కాల్‌బాయ్ కూర్చునే బల్ల. అట్ట, వెదురు బద్దలు, మందుల సీసాల మీది అల్యూమినియం మూతలు. మా వీధి మెడికల్ షాపు కుర్రాడు మూతలు దాచిపెడతాడు. షెడ్ గోడలు అయ్యాయి. టర్న్‌టేబుల్ దగ్గర ఆగిపోయాను. దాని పొడవు ఎంత? నాతో చేసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకడు 70 అడుగులంటాడు, ఇంకొకడు ఒట్టేసి 75 అంటాడు. మూడో ఆయన, ఫోర్‌మన్‌గా రిటైరైనవాడు, "నువ్వు మందులు సరిగా వేసుకుంటున్నావా?" అని నన్నే అడిగాడు. 70కీ 75కీ మధ్య తేడా నా బల్ల మీద 20 మిల్లీమీటర్లు. అంత తేడాతో చేస్తే చుట్టూ ఉన్న పట్టాలు ఒక్కటీ దాన్ని అందుకోవు. టేపు పెట్టి కొలుద్దామంటే ఆనాటి షెడ్ ఆనాటిలా లేదు.

డ్రాయింగు కోసం ఒక ఆఫీసుకి రాశాను. జవాబు లేదు. సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి మళ్లీ రాశాను. దానికి జవాబొచ్చింది. సదరు రికార్డు అందుబాటులో లేదని, ఒక్క వాక్యం, కింద సంతకం, స్టాంపు. ఆ షెడ్‌లో ఒక బోల్టు పోతే మెమో ఇచ్చి ఇంక్రిమెంటు కోసేవాళ్లు సార్. షెడ్ కాగితం పోతే ఎవరికి మెమో ఇచ్చారో కనుక్కుందామనుకున్నాను. దానికి ఇంకో పది రూపాయలు. మా ఆవిడ ఇక చాలంది.

మన దేశంలో ఈ పనికి విలువ ఇచ్చినవాళ్లు లేరని నేను అనను. పుణెలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998లో జనం కోసం తెరిచారు. ఒక మనిషి పట్టుదలతో కట్టిన చిన్న ఊరు, రైళ్లు, సిగ్నళ్లు అన్నీ ఉంటాయి. మన తెలుగు జిల్లాల్లో అలాంటిది ఒక్కటి ఉన్నా నేను ఈ వయసులో అట్టముక్కలు కత్తిరించుకుంటూ కూర్చునేవాణ్ణి కాదు.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. మొదటిది, ఆ వార్తలో "బొమ్మ" అన్న మాటను సవరిస్తూ మూలన రెండు లైన్లు వెయ్యండి. మోడల్ రైళ్లు అనండి, నమూనా అనండి, మీ ఇష్టం. ఆ ఎర్ర ఇంజను ఫోటోకి మాత్రం క్షమాపణ చెప్పాల్సిందే.

రెండోది, బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగినవాళ్లు మీ పాఠకుల్లో వందలమంది ఉంటారు. వాళ్ల ఇళ్లల్లో పాత ఆల్బమ్‌లు ఉంటాయి. రిటైర్మెంటు రోజున దండలు వేసుకుని ఇంజను ముందు దిగిన గ్రూపు ఫోటోలు ఉంటాయి. ఎవరి దగ్గరైనా టర్న్‌టేబుల్ కనిపించే ఫోటో ఉంటే మీ నెల్లూరు ఆఫీసుకి పంపమని రాయండి. మనుషులు ఎంత అడ్డంగా నిలబడినా ఫరవాలేదు. టేబుల్ రెండు చివర్లూ కనపడి, దాని మీద ఒక డబ్ల్యూపీ నిలబడి ఉంటే చాలు, ఆ ఇంజను పొడవు నాకు తెలుసు, మిగతాది లెక్కవేసుకుంటాను. నేను ప్రతి నెలా మొదటి వారం షుగరు పరీక్షకి నెల్లూరు వస్తాను. అప్పుడు మీ ఆఫీసుకొచ్చి ఫోటో తీసుకుని, స్కాన్ చేయించి, మరుసటి నెల అదే కవరులో తిరిగి ఇచ్చేస్తాను.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ మెయిల్ డ్రైవరు,
కావలి, నెల్లూరు జిల్లా.